పాత ఫైబర్ మోటారు బోటు: కదులుతున్న ట్రాన్సమ్, మెత్తబడిన డెక్కు – పైన మరో పొర వేస్తే సరిపోతుందా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకొందాం. దాదాపు ఇరవై ఏళ్ల నాటి 18 అడుగుల ఫైబర్ బోటును, 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్‌తో సహా పోయిన ఏడాది కొన్నారు. చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన ఖాళీ స్థలంలో ట్రైలర్ మీద ఉంచుతూ, సెలవు రోజుల్లో కోవళం దగ్గర నీటిలోకి దించుతున్నారు. డ్రైవర్ సీటు వెనుక డెక్కు కాలి కింద దిగుతోంది. ఇంజిన్ తగిలించే వెనుక గోడ, అంటే ట్రాన్సమ్, పై మూలల్లో సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. థ్రాటిల్ గట్టిగా ఇస్తే ఇంజిన్ తల కొద్దిగా వెనక్కి వాలుతోంది. ప్రతిసారీ ఒడ్డుకు చేరాక బిల్జ్‌లో, అంటే డెక్కు కింది అడుగు ఖాళీలో, నీరు ఉంటోంది. మేస్త్రి చూసి, డెక్కు మీద రెండు పొరల మ్యాట్ (గాజునార పీచు పరుపు) వేసి, ట్రాన్సమ్‌కు లోపలా బయటా అల్యూమినియం ప్లేట్ బిగిస్తే చాలన్నారు. అది చాలునా, లేక బోటును అమ్ముకోవడమే మేలా అని అడిగారు.

నేరుగా చెప్పాలంటే, అది చాలదు. ట్రాన్సమ్‌ను పరీక్షించే వరకు ఆ ఇంజిన్‌తో బోటును నీటిలోకి దించవద్దు. డెక్కు మెత్తబడటం మీకు ముందుగా కంటబడిన లోపమే గాని, వాటిలో పెద్దది కాదు. అమ్మే తొందర కూడా అక్కరలేదు. అడుగుభాగం ఫైబర్ గట్టిగా ఉంటే ఇటువంటి బోటు బాగుపడుతుంది, మళ్లీ చాలా ఏళ్లు పనిచేస్తుంది. పని మాత్రం మీ మేస్త్రి చెప్పిన వరుసకు తలకిందులుగా సాగాలి: మొదట ట్రాన్సమ్, తరువాత అడుగున పొడవునా సాగే స్ట్రింగర్లు, అన్నిటికీ చివర డెక్కు.

కారణం చెబుతాను. ఫైబర్ బోటు అంటే మొత్తం ఫైబరే అనుకుంటాం గాని, ఆ కాలపు మోటారు బోట్లలో బలం కావలసిన ప్రతిచోటా ఫైబర్ పొరల నడుమ కలప ఉంటుంది. ట్రాన్సమ్ రెండు ఫైబర్ పొరల మధ్య ఒకటిన్నర అంగుళాల ప్లైవుడ్‌తో తయారవుతుంది. స్ట్రింగర్లలో చెక్క పట్టీలుంటాయి. డెక్కు కూడా రెజిన్ (గాజునారను పట్టి గట్టిపడే ద్రవం) పూసిన ప్లైవుడ్డే. గాజునారకు, పాలిస్టర్ రెజిన్‌కు కుళ్లు పట్టదు. లోపలి కలపకు పడుతుంది. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రం సరిగా మూయకపోయినా, డ్రెయిన్ ప్లగ్ చుట్టూ ప్లైవుడ్ అంచు పచ్చిగా మిగిలిపోయినా, నీరు అక్కడి నుంచి కలపలోకి పాకుతుంది. బయటికి వచ్చే దారి దానికి ఉండదు.

ట్రాన్సమ్ గట్టిదనమంతా బయటి పొరకూ లోపలి పొరకూ మధ్య ఉన్న దూరంలో ఉంది. పలక మందం రెట్టింపయితే అది వంగకుండా నిలిచే శక్తి సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. మధ్యలోని కలప రెండు పొరలనూ కలిపి పట్టి ఉంచినంత వరకే ఈ లెక్క నిలుస్తుంది. కలప పిండిపిండి అయిపోయాక అవి దేనికది విడిగా వంగే రెండు పలుచని రేకులవుతాయి. 450 గ్రాముల మ్యాట్ చేతితో వేస్తే ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. కాబట్టి మీ మేస్త్రి చెప్పిన రెండు పొరలతో డెక్కుకు చేరేది రెండు మిల్లీమీటర్లు. కింద కుళ్లిన ప్లైవుడ్ అలాగే ఉంటుంది, ఇప్పటిదాకా పగుళ్ల గుండా కాస్తో కూస్తో ఆరుతున్న తేమ లోపలే బందీ అవుతుంది. అల్యూమినియం ప్లేట్ సంగతీ అంతే. బోల్టులు బిగించిన కొద్దీ మెత్తని కలప నలుగుతుంది, కొన్నాళ్లకు బోల్టులు మళ్లీ వదులవుతాయి. పైగా ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ బోల్టు తగిలిన చోట అల్యూమినియం తినేయబడుతుంది. కొత్త కోర్ (మధ్యలోని కలప) వేశాక భారాన్ని పంచడానికి ప్లేట్ వేసుకోవచ్చు. కుళ్లును దాచడానికి వేస్తే అది డబ్బు దండగ.

మీ మేస్త్రిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాసిమేడులో ఫైబర్ పడవలు కట్టేవారికి పొర వేయడంలో ఉండే నేర్పు చాలా కంపెనీల్లో కూడా కనిపించదు. ఆ చేపల పడవల తరహా మాత్రం వేరు. వాటిలో ఎక్కువభాగం దళసరిగా వేసిన ఒంటి పొర పడవలు; చాలావాటిని నడిపేది లాంగ్‌టెయిల్ (పొడవాటి కడ్డీ చివర పంకా ఉండే) డీజిల్ ఇంజిన్. వేగంగా పోయే బోటు ట్రాన్సమ్‌ను ఔట్‌బోర్డ్ గుంజినట్టుగా ఆ ఇంజిన్ పడవ వెనుక గోడను గుంజదు. అటువంటి పడవకు పగులు వస్తే చెక్కి, పైన పొర వేయడం సరైన మరమ్మతే. ఆ అలవాటునే కోర్ ఉన్న విహార బోటుకూ వర్తింపజేయడం వల్ల చిక్కు వస్తోంది.

చాలామంది యజమానులు నమ్మని విషయం ఒకటుంది. మీ బోటును పాడుచేసింది బహుశా సముద్రపు నీరు కాదు, వాననీరు. కలపను తినే బూజుకు తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. ఉప్పునీరు దాని ఎదుగుదలను కొంతవరకు అడ్డుకుంటుంది, మంచినీరు అడ్డుకోదు. కలపలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టదు. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. ఆ మూడు నెలలూ బోటు ట్రైలర్ మీద, డ్రెయిన్ ప్లగ్ బిగించి, ముక్కు కిందికి వాలి నిలబడితే డెక్కు కింద నీరు నిలిచిపోతుంది. తరువాత వచ్చే వెచ్చని నెలలు బూజుకు సరిగ్గా సరిపోతాయి. నా దగ్గరికి వచ్చిన బోట్లలో రోజూ సముద్రంలోకి వెళ్లివచ్చే వాటికంటే, తోటల్లో, ఫామ్‌హౌసుల్లో టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నవాటి కోర్లే ఎక్కువగా పాడై ఉంటాయి. టార్పాలిన్‌ను బోటుకు ఆనించి బిగదీసి కడితే లోపలి ఆవిరి బయటికి పోదు. ఎత్తుగా పందిరిలా వేయాలి, రెండు చివర్లా గాలి ఆడాలి, ప్లగ్ తీసి ఉంచాలి, ముక్కు ఎత్తుగా ఉండాలి.

ఇక పరీక్ష. దీనికి నిపుణులెవరినీ పిలవనక్కరలేదు, ఒక పూట చాలు.

ఇంజిన్‌ను సగం పైకి లేపి, లాక్ వేసి, కింది కాలును (పంకా ఉండే భాగాన్ని) పట్టుకొని పైకీ కిందికీ బలంగా ఊపండి. రెండో మనిషి ట్రాన్సమ్ పై అంచునూ, అది పక్క గోడలతో కలిసే మూలలనూ చూస్తూ ఉండాలి. ఇంజిన్ బ్రాకెట్ మాత్రమే కదిలితే అది బుష్‌ల అరుగుదల. పై అంచు కదిలినా, మూలల్లోని పగుళ్లు తెరుచుకొని మూసుకున్నా, లోపం ట్రాన్సమ్‌లోనే ఉంది. బోల్టుల వాషర్లు ఫైబర్‌లోకి దిగబడి ఉన్నాయా, బోల్టు కింద గోధుమరంగు చారలు కారాయా అన్నది కూడా చూడండి.

ఆపై ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో ట్రాన్సమ్ అంతా, తరువాత స్ట్రింగర్లు, డెక్కు, చివరికి అడుగుభాగం వరుసగా తట్టుకుంటూ వెళ్లండి. కొబ్బరికాయను తట్టి చూసినట్టే, చెవికి తేడా వెంటనే తెలుస్తుంది: గట్టి చోట ఖంగుమని, పొర విడిపోయిన చోట డొల్లగా, తడిసిన కలప ఉన్న చోట మొద్దుగా వినిపిస్తుంది. తేడా వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీస్తే పాడైన భాగం ఎంతవరకు పాకిందో బయటపడుతుంది.

తేమ కొలిచే మీటర్ ఉంటే మంచిదే, కాని ఆ అంకెనే తీర్పుగా తీసుకోకండి. అడుగున పూసే కొన్ని పెయింట్లు, లోపల దాగిన లోహం, ఉపరితలం మీది చెమ్మ కూడా మీటర్‌ను ఎక్కువ చూపిస్తాయి. బోటును నీటి బయట నీడలో కొన్నాళ్లు ఆరనిచ్చాక, గట్టిగా ఉందని తెలిసిన చోటి అంకెతో అనుమానపు చోటి అంకెను పోల్చుకోవడమే దాని సరైన ఉపయోగం.

అసలు సంగతి డ్రిల్ చెబుతుంది. 5 మిల్లీమీటర్ల బిట్‌కు లోతు గుర్తుగా టేపు చుట్టి, ట్రాన్సమ్ లోపలి వైపు నుంచి రంధ్రాలు వేయండి. బయటి పొరకు తగలకుండా ఆపండి. రంధ్రాలు కింది భాగంలో, డ్రెయిన్ ప్లగ్ పక్కన, ఇంజిన్ కింది బోల్టుల దగ్గర, రెండు దిగువ మూలల్లో వేయాలి. నీరు కిందికి దిగుతుంది కనుక పై భాగం పొడిగా కనిపించినా దానిని నమ్మకూడదు. పులికాట్ వైపు నుంచి వచ్చిన ఒక బోటుకు పైన వేసిన రంధ్రాల్లోంచి కొత్త చెక్కలాంటి పొడి వచ్చింది, అదే ట్రాన్సమ్ దిగువన బిట్ తీయగానే నల్లటి నీరు కారింది. లేత రంగులో పొడిపొడిగా చెత్త వస్తే కలప బాగున్నట్టు. ముదురు రంగులో బిట్‌కు అంటుకుంటూ, పుల్లని వాసనతో వస్తే కుళ్లినట్టు. బాగున్నట్టు తేలితే ఆ రంధ్రాలను చిక్కని ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు రెజిన్) అదే రోజు నింపేయండి.

పగుళ్లను చదవడం కూడా నేర్చుకోవాలి. ఒక బిందువు నుంచి సాలెగూడులా విచ్చుకున్నవి ఏదో తగిలిన దెబ్బవి. సాధారణంగా జెల్‌కోట్‌లోనే, అంటే బయటి నునుపు పూతలోనే, ఆగిపోతాయి. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా వచ్చినవి ఆ పలక పదేపదే వంగుతోందని చెబుతాయి. మీ ట్రాన్సమ్ మూలల్లోనివి ఈ రెండో రకమని మీ వర్ణనను బట్టి అనుకుంటున్నాను. అడుగుభాగం బయటివైపు స్ట్రింగర్ వెంట తిన్నగా సాగిన పగులు ఉంటే మాత్రం దానిని తేలికగా తీసుకోకూడదు. లోపల స్ట్రింగర్ అంటు విడిపోయిందని, లేదా దాని పదునైన అంచు మీద అడుగు పొర విరుగుతోందని దాని అర్థం. అటువంటి చోట జెల్‌కోట్‌ను చిన్న బిళ్లంత మేర చెక్కి చూడండి. పగులు కింద ఫైబర్ తెల్లబడి ఉంటే అది లోపలికి దిగిన పగులే.

అడుగున చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే వాటిని చూసి కంగారు పడవద్దు. జెల్‌కోట్ గుండా పాకిన నీరు, రెజిన్‌లో కరిగే పదార్థాలతో కలిసి పెంచే ఒత్తిడి వల్ల అవి పుడతాయి. పొడిస్తే వెనిగర్ వాసన గల ద్రవం వస్తుంది. కంటికి అద్దాలు లేకుండా పొడవకండి. నెలల తరబడి నీటిలోనే ఉండే బోట్లకు ఇది సమస్య. ట్రైలర్ మీద ఉండే మీ బోటుకు ఇది చివర చూసుకోవలసిన పని.

ఇక డెక్కు కింద నింపిన పసుపురంగు ఫోమ్. తయారీలో అది నీరు పట్టనిదే గాని, ఏళ్ల తరబడి నీటిలో మునిగి ఉంటే స్పాంజిలా పీల్చుకుంటుంది. బోటు మునుపటికంటే దిగి నడుస్తోందనిపిస్తే లారీల వేబ్రిడ్జి మీద ట్రైలర్‌తో కలిపి ఒకసారి, ఖాళీ ట్రైలర్‌తో ఒకసారి తూయించండి. తయారీదారు చెప్పిన బరువుకు వందల కిలోలు పైబడితే ఆ ఫోమ్ తీయక తప్పదు.

పరీక్షల తరువాత నిర్ణయం మీది. ట్రాన్సమ్ పోయినా, డెక్కు పోయినా, ఒకటి రెండు స్ట్రింగర్లు పోయినా నేను బాగుచేయమనే చెబుతాను. అడుగుభాగం పొరలు విశాలంగా విడిపోయి ఉన్నా, సుత్తి శబ్దం సగానికి పైగా డొల్లగా వచ్చినా, పక్క నుంచి చూస్తే వెనుకభాగం అడుగు లోపలికి వంగి కనిపించినా మాత్రం ఇంజిన్, ట్రైలర్ తీసుకొని ఆ బోటును వదిలేయడం నయం. వంగిన అడుగుతో బోటు వేగం పట్టదు, ముక్కు కిందికి నొక్కుకుంటూ నడుస్తుంది. దానిని సరిచేయడానికి అయ్యే ఖర్చుకు అంతకంటే మంచి పాత బోటు దొరుకుతుంది.

మరమ్మతు మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. డెక్కు, స్ట్రింగర్లు, ట్రాన్సమ్ మూడింటినీ ఒకేసారి కోసి పారేయకండి. అవే ఆ పెంకుకు, అంటే బోటు బయటి గుల్లకు, ఆకారం ఇస్తున్నాయి. ట్రైలర్ మీద రెండు మూడు చోట్ల మాత్రమే ఆని ఉన్న బోటును ఇలా ఖాళీ చేస్తే పెంకు సాగిపోతుంది, ఆ సాగిన ఆకారంలోనే మీరు కొత్త స్ట్రింగర్లు అంటిస్తారు. ముందుగా అడుగుకు పలుచోట్ల సమంగా దిమ్మెలు పెట్టాలి, రెండు పక్కల గోడల మధ్య అడ్డంగా చెక్కలు బిగించి వెడల్పు మారకుండా చూసుకోవాలి, స్ట్రింగర్లను ఒకదాని తరువాత ఒకటి మార్చాలి. డెక్కు కింద పెట్రోల్ ట్యాంకు ఉంటే దానిని బయటికి తీసి, బిల్జ్‌ను బాగా గాలి ఆడనిచ్చాకే గ్రైండర్ చేతపట్టాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది. అది బిల్జ్ అడుగునే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ట్రాన్సమ్‌ను లోపలి నుంచి తెరవడం మేలు, ఎందుకంటే బయటి పొరా దాని నునుపూ చెడవు. ఇంజిన్ దించి, చుట్టూ మూడు అంగుళాల అంచు వదిలి లోపలి ఫైబర్ పొరను కోయండి, కుళ్లిన కలపను ఉలితో పూర్తిగా తవ్వండి. మూలల్లో గట్టిగా కనిపించిన ముక్కలను కూడా వదలకండి. తడి వాటిలోకీ పాకే ఉంటుంది. బయటి పొర లోపలి ముఖాన్ని 40 నంబరు డిస్క్‌తో తాజా ఫైబర్ కనిపించే వరకు గరుకు చేయాలి. అట్టతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పలకలు కోయించాలి. షాపులో అడిగేటప్పుడు వాటర్‌ప్రూఫ్ అని ఊరుకోకండి. పలక మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అదే మన దేశంలో మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం. ఐఎస్ 303 ముద్ర ఉన్నది ఇంటి సామానుకు సరిపోతుందేమో గాని ట్రాన్సమ్‌కు పనికిరాదు.

ఈ మధ్య ఇంటీరియర్ షాపులవారు వంటింటి అల్మారాలకు వాడే పీవీసీ ఫోమ్ బోర్డును చూపించి, ఇది జన్మలో కుళ్లదని ఒప్పిస్తున్నారు. కుళ్లని మాట నిజమే, కాని దానికి ఇంజిన్ బోల్టుల ఒత్తిడిని తట్టుకునే బలం లేదు, రెజిన్ కూడా సరిగా పట్టదు. అలా వేయించుకున్న ఒక బోటు ట్రాన్సమ్‌ను విప్పితే బోర్డు ఏ పొరకూ అంటకుండా చేతికి వచ్చేసింది. ట్రాన్సమ్ కోసమే తయారయ్యే అధిక సాంద్రత ఫోమ్ పలకలు వేరు. అవి దొరికి, మీ ఖర్చుకు వీలైతే నిస్సంకోచంగా వాడండి. చక్కగా సీల్ చేసిన ప్లైవుడ్ కూడా ఏమీ తీసిపోదు.

పలకల అంచులకు పలుచని ఎపాక్సీని, అవి పీల్చడం మానేవరకు పట్టించాలి. కలప నీటిని ఎక్కువగా తాగేది అంచుల నుంచే. తరువాత సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీని బయటి పొర లోపలి ముఖానికీ, పలకకూ గీతలు పడే తాపీతో పూర్తిగా పరచి, ఇంజిన్ రంధ్రాల గుండా పొడవాటి బోల్టులు, అడ్డపట్టీలు వేసి బిగించండి. చుట్టూ ముద్ద సమంగా బయటికి పొంగితే లోపల గాలి సందులు లేవన్నమాట. మితిమీరి బిగిస్తే ముద్దంతా బయటికి వచ్చి లోపల అంటుకు చాలదు. గట్టిపడ్డాక మూలలన్నిటినీ అదే ముద్దతో గుండ్రంగా నింపి, ట్రాన్సమ్ నుంచి అడుగుకూ పక్క గోడలకూ ఫైబర్ పొరలు వేయాలి. ప్రతి పొరా ముందుదానికంటే రెండు అంగుళాలు వెడల్పుగా ఉండాలి. అన్నీ ఒకే గీత దగ్గర ఆగితే రేపటి పగులు అక్కడే పుడుతుంది.

పాత ఫైబర్‌ను కొత్తదానితో కలిపే చోట వాలు ముఖ్యం. మందానికి పన్నెండు రెట్లు వాలుగా చెక్కాలి. 6 మిల్లీమీటర్ల పొర అయితే 72 మిల్లీమీటర్ల వాలు. మేస్త్రీలు దీనికి మొండికేస్తారు, ఎందుకంటే ధూళి ఎక్కువ, పని కనిపించదు. మీరు పక్కన నిలబడి చేయించుకోవలసిన పని ఏదైనా ఉందంటే అది ఇదే.

రెజిన్ విషయంలో నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. కొత్త బోటు కట్టడానికి పాలిస్టర్ చక్కనిది. అక్కడ ఒక పొర తడి ఆరకముందే మరో పొర పడుతుంది కనుక అవి రసాయనికంగా కలిసిపోతాయి. ఇరవై ఏళ్ల క్రితం గట్టిపడిన పొర మీద వేసినప్పుడు అటువంటి కలయిక జరగదు; అది కేవలం జిగురుగానే పనిచేయాలి, జిగురుగా పాలిస్టర్ బలహీనం. పైగా గట్టిపడేటప్పుడు అది 5 నుంచి 8 శాతం వరకు కుంచించుకుపోతుంది. అందుచేత ట్రాన్సమ్ పలకలకూ, వాటిని పెంకుతో కలిపే పొరలకూ, స్ట్రింగర్లకూ ఎపాక్సీ వాడండి. ఖర్చు రెండు మూడింతలు అయినా అది మొత్తం పని ఖర్చులో చిన్న భాగమే. డెక్కు పైపూతకు ఐసోఫ్తాలిక్ (నీటిని బాగా తట్టుకునే రకం) పాలిస్టర్ చాలు.

ఎపాక్సీ ఎంచుకుంటే మూడు జాగ్రత్తలు. మామూలు మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే బంధకం పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకంలో కరిగేలా తయారవుతుంది, ఎపాక్సీలో అది కరగదు. మ్యాట్ బిగుసుకుపోయి మూలల్లో ఒంగదు. దానికి బదులు కుట్టిన బైయాక్సియల్ (రెండు దిక్కుల్లో నార పరచిన) బట్ట వాడాలి. గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలా ఏర్పడే జిడ్డును అసిటోన్‌తో కాక, నీటితో, పాత్రలు తోమే పీచుతో రుద్ది కడగాలి, ఆపై గరుకు చేయాలి. ఎపాక్సీ మీద జెల్‌కోట్ నమ్మకంగా అంటదు కనుక పైన పాలీయురెథేన్ పెయింట్ వేసుకోవడం మంచిది.

పాలిస్టర్ వాడే చోట హార్డ్‌నర్‌ను కొలిచి కలపండి. మన మేస్త్రీలు మూతతో అంచనాగా పోస్తారు. ఒకటి నుంచి రెండు శాతం దాని హద్దు. చెన్నై ఎండలో ఒక శాతం దగ్గరే ఉండి, ఉదయం పూట పని చేయండి. త్వరగా గడ్డకడుతోందని ఒక శాతానికి బాగా తగ్గిస్తే రెజిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే కోబాల్ట్‌నూ హార్డ్‌నర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ కలపవద్దు, అది పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపిన తరువాతే హార్డ్‌నర్ వేయాలి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, అద్దాలు తప్పనిసరి. స్టైరీన్ ఆవిరికి గుడ్డ మాస్క్ పనికిరాదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. ఫైబర్ ధూళికి చేతులు నిండా కప్పుకోండి.

కాలం విషయానికి వస్తే, సంక్రాంతి దాటాక మార్చి దాకా ఈ ఊళ్లో ఫైబర్ పనికి అనువైన రోజులు. ఈశాన్య రుతుపవనాల నడుమ పొర వేయిస్తే, టార్పాలిన్ కిందనైనా, తేమ గాజునార మీద చేరి అంటును చెడగొడుతుంది. అగ్ని నక్షత్రపు ఎండల్లో, అంటే మన రోహిణి కార్తె దరిదాపుల్లో, మగ్గులోని రెజిన్ బ్రష్‌కు అందకముందే గడ్డకడుతుంది.

స్ట్రింగర్ల విషయం తేలికగానే చెప్పవచ్చు. వాటిలోని చెక్క చాలాసార్లు ఆకారం కోసమే. పైనున్న ఫైబర్ తగినంత దళసరిగా ఉంటే భారమంతా అదే మోస్తుంది. కాబట్టి పాత చెక్క స్థానంలో మళ్లీ చెక్కే పెట్టాలని లేదు, గట్టి ఫోమ్ పట్టీ పెట్టి పైన దళసరిగా ఫైబర్ వేయవచ్చు. స్ట్రింగర్ అంచును అడుగు పొర మీద నేరుగా ఆనించకుండా ముద్ద పరుపు మీద కూర్చోబెట్టండి, లేకుంటే ఆ గీత వెంటే అడుగు పగులుతుంది. నీరు వెనక్కి పారడానికి స్ట్రింగర్లలో వేసే రంధ్రాలే చాలా బోట్లలో కుళ్లుకు మొదటి ద్వారాలు. వాటిలో చిన్న పైపు ముక్క పెట్టి, చుట్టూ ఎపాక్సీతో మూసేయండి. డెక్కుకు 12 మిల్లీమీటర్ల ఐఎస్ 710 పలక చాలు. రెండు వైపులా, అంచులకూ పూత పూసి, స్ట్రింగర్ల మీద ముద్దతో అంటించండి. స్క్రూలు వేస్తే ప్రతి స్క్రూ మరో నీటిదారి అవుతుంది.

బిల్జ్‌లోకి వస్తున్న నీటి సంగతి డెక్కు తెరిచి ఉన్నప్పుడే తేల్చుకోండి. బోటును ట్రైలర్ మీదే ఉంచి, పైపుతో లోపల కొద్దిపాటి నీరు నింపి, బయట ఎక్కడ చెమ్మ దిగుతుందో పౌడర్ చల్లి గమనించవచ్చు. అతిగా నింపకండి, వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. నా అనుభవంలో దోషి ఎక్కువసార్లు డ్రెయిన్ ప్లగ్ గొట్టమో, డెప్త్ సెన్సర్ స్క్రూ రంధ్రమో, ట్రైలర్ రోలర్ల మీద అరిగిపోయిన కీల్ (అడుగు నడిమి వెన్ను) గీతో అవుతుంది.

ట్రాన్సమ్‌కు మళ్లీ వేసే ప్రతి రంధ్రాన్నీ అవసరమైన దానికంటే పెద్దదిగా వేసి, చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు కొలతకు మళ్లీ డ్రిల్ చేయండి. ఇక బోల్టు చుట్టూ సీలెంట్ ఎప్పుడైనా వదిలినా నీరు కలపను తాకదు. నీటిమట్టం కింద సిలికాన్ వాడవద్దు, బోట్లకు తయారయ్యే పాలీయురెథేన్ సీలెంట్ వాడండి. మునుపటి యజమాని టూ-స్ట్రోక్ తీసి ఫోర్-స్ట్రోక్ పెట్టారేమో కూడా కనుక్కోండి. అదే శక్తికి ఫోర్-స్ట్రోక్ సాధారణంగా బరువు ఎక్కువ. పక్క గోడ మీది సామర్థ్యపు పలకలో రాసిన ఇంజిన్ శక్తి, బరువుల హద్దు దాటి ఉంటే కొత్త ట్రాన్సమ్ కూడా తొందరగా అలసిపోతుంది.

మేస్త్రితో మాట్లాడేటప్పుడు కలప తీసిన తరువాత, మూసే ముందు మీకు చూపించాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ ఖాళీ పెంకు ఫొటోలు తీసి పెట్టుకుంటే రేపు అమ్మేటప్పుడు కూడా పనికొస్తాయి. ప్రస్తుతానికి ఇంజిన్ దించి, ట్రాన్సమ్ దిగువన రంధ్రాలు వేసి, వచ్చిన పొడి రంగు, తడి ఎలా ఉన్నాయో, సుత్తితో గీసిన గీతలు ఎంతవరకు వచ్చాయో ఇక్కడే రాయండి. స్ట్రింగర్ల దాకా వెళ్లాలా, ట్రాన్సమ్‌తో ఆగవచ్చా అన్నది అవి చూశాక చెప్పగలను.